కొల్లేటి బోరునీరు, వరి వేరు



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఈ ప్రాంతంలో రెండు తరాలకు కెమిస్ట్రీ చెప్పారు. నిధి పెట్టిన కుటుంబం కోరింది ఒక్కటే: ఆయన్ను పొగిడే సమయాన్ని కూడా విషయానికే వాడమని. ఆ షరతు నాకు నచ్చింది, పాటిస్తాను. ఆయన ల్యాబులో తూకానికి ఎంత విలువ ఇచ్చేవారో తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక, నేను ఎంచుకున్న విషయం కూడా తూకంతో మొదలయ్యేదే.

బోరునీటిలో ఉన్న లవణాలను లెక్కకట్టి, అదే నీటిని ల్యాబులో మళ్లీ తయారుచేసి, కుండీలో పెరిగే వరి మొక్కకు పోసి, అది ఏ లవణాన్ని ఎంత లోపలికి తీసుకుందో చూడడం. ఇంతే విషయం. చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. డిగ్రీ ప్రాజెక్టుల్లో దీన్ని ఒక పేరాలో తేల్చేస్తారు: "సోడియం క్లోరైడుతో 4, 8, 12 ఈసీ ద్రావణాలు తయారుచేశాం" అని. నా అభ్యంతరం సరిగ్గా ఆ వాక్యం మీదే. అలా తయారైన నీరు మన జిల్లాలో ఏ బోరులోనూ రాదు. రాని నీటితో పెంచిన మొక్క చెప్పే జవాబు మన పొలానికి ఎంతవరకు పనికొస్తుంది? ఈ గంటసేపూ నేను అడిగేది ఈ ప్రశ్నే.

ముందు నేల సంగతి. తాడేపల్లిగూడెం నుంచి జాతీయ రహదారి మీద ఉంగుటూరు, భీమడోలు, దెందులూరు మీదుగా ఏలూరు వస్తుంటే కుడిచేతి వైపు మెట్ట, ఎడమచేతి వైపు డెల్టా. మెట్టలో ఎర్రనేలలు, ఇసుకరాతి పొరల్లోంచి వచ్చే బోర్లు, ఆయిల్ పామ్, కొబ్బరి, కోకో, పైకి పోతే పొగాకు. డెల్టా వైపు ఏలూరు కాలువ, వరి, చేపల చెరువులు, ఆ వెనక కొల్లేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక ఈ కాలువలే గోదావరినీ కృష్ణనూ ఏలూరు దగ్గర కలిపాయి. కొల్లేరు ఆ రెండు డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెచ్చి పోస్తాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలం ఉప్పుటేరు సరస్సును సముద్రంలోకి దించుతుంది. ఎండాకాలం సరస్సు మట్టం పడిపోతే పోటుతో సముద్రమే పైకి ఎగబాకుతుంది.

వేల ఏళ్ల కిందట తీరం ఇంత దూరాన లేదనీ, ఇప్పటి కొల్లేరు అప్పట్లో సముద్రాన్ని ఆనుకున్న ఉప్పు కయ్య అనీ భూవిజ్ఞానులు చెబుతారు. కైకలూరు, ఆకివీడు ప్రాంతపు పాత ఇసుక మెరకలు ఆ తీరరేఖ ఆనవాళ్లే. నదులు మట్టి తెచ్చి మేట వేశాయి, తీరం జరిగిపోయింది, కానీ బంకమట్టి పొరల కింద చిక్కుకున్న ఉప్పునీరు ఎటూ పోలేదు. దాని మీద కాలువలు, చెరువుల నుంచి ఇంకిన తియ్యనీరు పలచని పొరగా తేలుతోంది. అందుకే మన ఊళ్లలో వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్లకు రెండు రుచులు. లోతు ఇంకాస్త దింపితే మంచినీరు పడుతుందని ఆశపడి ఉప్పునీటి పొరను పొడిచిన రైతులు ఈ సభలోనూ ఉన్నారు.

దీనికి మనుషులు చేర్చింది వేరే ఉంది. 2009లో మన దేశంలోకి వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక, సముద్రానికి దూరంగా ఉన్న గ్రామాల్లో కూడా ఉప్పు బోర్లకు గిరాకీ వచ్చింది. వరి రైతు ఏ నీటిని చూసి బోరు మూసేశాడో, రొయ్యల రైతు ఆ నీటి కోసమే బోరు వేశాడు. ఆ చెరువు నీరు చివరికి మురుగు కాలువలోకి, పక్క చేలోకి ఊటగా చేరుతుంది. దాళ్వాలో కాలువ వంతు రాని శివారు రైతు ఆ మురుగు కాలువ మీదే ఇంజను పెట్టి తోడుకుంటాడు. ఎవరిది తప్పు అనే తగాదా ఈ ఉపన్యాసంలో తేలదు. ఆ ఇంజను గొట్టంలోంచి వచ్చే నీటిలో ఏముందో తెలుసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

తెలుసుకోవడానికి అందరి దగ్గరా ఉన్న సాధనం ఈసీ మీటరు. జేబులో పట్టే మీటర్లు ఇప్పుడు రొయ్యల మేతల దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి. అది చెప్పేది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందని. ఒక డెసిసీమెన్స్ అంటే ఉజ్జాయింపుగా లీటరుకు 10 మిల్లీ ఈక్వివలెంట్ల లవణం, బరువులో 640 మిల్లీగ్రాములు. ఎంత ఉందో చెబుతుంది, ఏది ఉందో చెప్పదు. సోడియమా, కాల్షియమా, మెగ్నీషియమా? క్లోరైడా, సల్ఫేటా, బైకార్బొనేటా? మీటరుకు అన్నీ ఒకటే. పంటకు కాదు.

ఎందుకు కాదో మన మెట్టలోనే చూడవచ్చు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు వర్జీనియా పొగాకు పండించే రైతును అడగండి. ఆకులో క్లోరైడు పెరిగితే ఆకు సరిగ్గా కాలదు, వేలంలో ధర పడదు. రాజమండ్రిలో 1947లో వెలిసిన పొగాకు పరిశోధనా సంస్థ మొదటి నుంచీ మ్యూరియేట్ వద్దు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడమని చెబుతూ వచ్చింది అందుకే. అదే మెట్టలో, అదే బోరు కింద ఉన్న కొబ్బరి చెట్టుకు క్లోరైడు పోషకం. అది తగ్గితే కాపు తగ్గుతుంది. ఆయిల్ పామ్ కూడా అదే దారి. ఒకరి విషం ఇంకొకరికి ఎరువైన ఈ రెండు తోటలకూ ఒకే ఈసీ అంకె రాసిచ్చి ఏం సలహా చెబుతాం?

రొయ్యల రైతును ఇంతకుముందు కాస్త తప్పుపట్టాను కదా, ఇప్పుడు మెచ్చుకోవాలి. ఈ అయాన్ల లెక్క మన జిల్లాలో అందరికంటే ముందు వంటబట్టించుకున్నది ఆయనే. ఉప్పదనం ఒక్కటీ సరిపోతే రొయ్య బతకదని చేతులు కాల్చుకుని నేర్చుకున్నాడు. సముద్రపు నీటిలో సోడియం, పొటాషియం బరువులో 28కి 1, మెగ్నీషియం, కాల్షియం 3కి 1. బోరునీటిలో ఆ నిష్పత్తి ఉండదు. అందుకని చెరువులో పొటాష్ బస్తాలు, మెగ్నీషియం లవణాలు చల్లుతాడు. నీటి రిపోర్టులో ఏ అంకె ఎంతుందో నోటికి చెప్పగల రైతులు ఆకివీడు, కాళ్ల మండలాల్లో కనిపిస్తారు. వరి రైతుకు ఆ రిపోర్టు మనం ఎప్పుడూ ఇవ్వలేదు.

నిష్పత్తి ప్రాణం మీదికి వస్తుందని సైన్సుకు తెలిసిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి కొట్టుకోనిస్తూ ప్రయోగాలు చేశాడు. ద్రావణం శుద్ధమైన నీటితో చేశామనుకున్నాడు. తీరా అది కుళాయి నీళ్లు. డిస్టిల్డ్ వాటరుతో మళ్లీ చేస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కాస్త కాల్షియమే దాన్ని అంతసేపూ నడిపిందని 1883లో ప్రకటించాడు. ఈ శతాబ్దపు సెలైన్ సీసాల్లో ఒకదానికి ఇంకా ఆయన పేరే ఉంది. మొక్కల్లో ఇదే సంగతిని ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఆస్టర్‌హౌట్ చూపించాడు. 1969లో కాలిఫోర్నియాలో లహే, ఎప్‌స్టైన్ అనే ఇద్దరు లెక్కతో తేల్చారు: బీన్స్ మొక్కలకు 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడు పెట్టారు. కాల్షియం తక్కువైనవి దెబ్బతిన్నాయి. 3 మిల్లీమోలార్ దాకా కాల్షియం సల్ఫేటు అందినవి వారం గడిచినా నిలబడ్డాయి. ఉప్పు అంతే ఉంది. పక్కన ఉన్న తోడు మారింది. కాల్షియం ఉంటే వేరు కణాల పొర బిగువుగా ఉండి పొటాషియాన్ని రానిచ్చి సోడియాన్ని ఆపగలుగుతుంది, లేకపోతే ఆ ఎంపిక పోతుంది.

ఇక ద్రావణం తయారీ. విద్యార్థులు పుస్తకం తీయండి. రైతు సోదరులు కాస్త ఓపిక పట్టాలి, ఇది మీ పొలంలోకే వస్తుంది.

మొదటి పని బోరు దగ్గర. మోటారు వేసి గొట్టంలో నిలవ నీరంతా పోయేదాకా పారనిచ్చి, అదే నీటితో సీసా తొలిచి, మెడ దాకా గాలి బుడగ లేకుండా నింపాలి. పీహెచ్, బైకార్బొనేటు వీలైతే అక్కడే కట్టాలి. లోతునుంచి వచ్చిన నీటిలో కార్బన్ డయాక్సైడు కరిగి ఉంటుంది. సీసాలో ఖాళీ ఉంటే అది లేచిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేటుగా అడుక్కి దిగుతుంది. రెండు రోజులు బస్సులో తిరిగి ల్యాబుకు చేరిన సీసాలో ఉన్నది మీ బోరునీరు కాదు.

ల్యాబులో కాల్షియం, మెగ్నీషియంలను ఈడీటీఏతో టైట్రేషన్, సోడియం, పొటాషియంలకు ఫ్లేమ్ ఫొటోమీటరు, క్లోరైడుకు సిల్వర్ నైట్రేటు, బైకార్బొనేటుకు ఆమ్లం. అన్నీ మిల్లీ ఈక్వివలెంట్లలో రాసి, ధనాయాన్లు ఒకవైపు, రుణాయాన్లు ఒకవైపు కూడితే జమాఖర్చుల చిట్టాలా రెండు మొత్తాలూ సరిపోవాలి. తేడా నూటికి ఐదు దాటితే ఎక్కడో లెక్క తప్పినట్టే. చాలా రిపోర్టుల్లో ఈ కూడిక ఎవరూ వేయరు. ద్రావణం తయారుచేయడానికి కూర్చుంటే మాత్రం వేయక తప్పదు, ఎందుకంటే సరిపోని రిపోర్టుకు ద్రావణమే కుదరదు. లవణం తూచి వేసినప్పుడల్లా రెండు వైపులా సమానంగానే పడుతుంది మరి.

ఒక నమూనా తీసుకుందాం. ఏ ఊరి బోరు అనుకోవద్దు, లెక్క కోసం నేను అనుకున్న అంకెలు. లీటరుకు సోడియం 28, కాల్షియం 4, మెగ్నీషియం 8 మిల్లీ ఈక్వివలెంట్లు. మొత్తం 40. అటు క్లోరైడు 26, సల్ఫేటు 8, బైకార్బొనేటు 6. అదీ 40. ఈసీ 4కు కాస్త అటూఇటూ. సోడియాన్ని, కాల్షియం మెగ్నీషియంల సగటు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది ఎస్.ఎ.ఆర్. ఇక్కడ 28ని 2.45తో భాగించగా సుమారు 11.4. కర్నాల్ లవణ నేలల సంస్థ వర్గీకరణ ప్రకారం ఈసీ 4, ఎస్.ఎ.ఆర్. 10 రెండూ దాటితే అది అధిక సోడియం గల ఉప్పునీరు.

ఈ నీటిని నాలుగు లవణాలతో చేయవచ్చు. బైకార్బొనేటు మొత్తం సోడియం బైకార్బొనేటు నుంచి: లీటరుకు 0.504 గ్రాములు. మెగ్నీషియం, సల్ఫేటు రెండూ ఎనిమిదే కనుక ఎప్సమ్ సాల్టుతో రెండూ ఒకేసారి తీరిపోతాయి: 0.986 గ్రాములు. కాల్షియం కోసం రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడు 0.294. మిగిలిన 22 సోడియం, 22 క్లోరైడు మామూలు సోడియం క్లోరైడుతో: 1.286 గ్రాములు. వంద లీటర్ల డ్రమ్ముకు వందతో హెచ్చవేసుకోండి. మెగ్నీషియం క్లోరైడు, సోడియం సల్ఫేటు వాడి వేరే దారిలో చేసినా చివరికి వచ్చేది ఇదే నీరు. కరిగాక ఏ అయాను ఏ డబ్బాలోంచి వచ్చిందో నీటికి గుర్తుండదు. అందుకని తూకానికి లొంగే లవణాలనే ఎంచుకోవాలి.

లొంగనివి ఏవో ఆగస్టులో తాడేపల్లిగూడెం ల్యాబులో కూర్చుంటే తెలుస్తుంది. కాల్షియం క్లోరైడు డబ్బా మూత తీసి వాచ్ గ్లాసులో పోసి తక్కెడ మీద పెట్టండి. మీరు చూస్తుండగానే చివరి అంకె పెరుగుతూ పోతుంది, పలుకుల అంచులు తడిసి మెరుస్తాయి, పావుగంటకు గ్లాసు అడుగున నీటి చెమ్మ. మీరు తూచింది సగం లవణం, సగం సార్వా గాలి. మెగ్నీషియం క్లోరైడుదీ ఇదే గుణం. ఎప్సమ్ సాల్టు దీనికి తిరగబడ్డ రకం. రోహిణి కార్తె వడగాడ్పుల్లో తన నీటిని తానే వదిలేసి పైన తెల్లగా పిండిలా రాలుతుంది. అప్పుడు అదే తూకానికి మెగ్నీషియం ఎక్కువ పడుతుంది. కాబట్టి కాల్షియం క్లోరైడు, ఎప్సమ్ రెండింటినీ చిక్కని స్టాకు ద్రావణాలుగా చేసి, ఈడీటీఏ టైట్రేషన్‌తో, ఎర్రటి రంగు ఒక్క చుక్కకు నీలంలోకి తిరిగే ఆ ఘడియ దగ్గర, అసలు బలం ఎంతో కట్టుకుని, ఆ అంకెతో కొలిచి పోయాలి. సోడియం క్లోరైడును 105 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టవచ్చు. సోడియం బైకార్బొనేటును మాత్రం ఓవెన్లో పెట్టకూడదు, వేడినీళ్లలో కరిగించకూడదు. అది కార్బొనేటుగా మారిపోతుంది, నీటి పీహెచ్ ఎగిరిపోతుంది. వంటింటి అయొడైజ్డ్ ఉప్పు పనికిరాదు, అందులో ముద్దకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి. కళ్లుప్పు అయితే దాని మెగ్నీషియం, సల్ఫేటు దానికి వేరే.

కలిపే వరసలోనే చాలామంది బోల్తా పడతారు. స్టాకు ద్రావణాలను ఒకదానిలో ఒకటి పోయకూడదు. చిక్కని కాల్షియం క్లోరైడులో చిక్కని బైకార్బొనేటు పడితే పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోతుంది. సల్ఫేటు పడితే జిప్సం దిగుతుంది, ఎందుకంటే జిప్సం లీటరు నీటిలో కరిగేది సుమారు రెండున్నర గ్రాములే. డ్రమ్ములో ముప్పాతిక వంతు డిస్టిల్డ్ లేదా ఆర్వో నీరు పోసి, ఎప్సమ్, సోడియం క్లోరైడు కరిగించి, తర్వాత బైకార్బొనేటు, చివర్న బాగా పలచన చేసిన కాల్షియం క్లోరైడును కలియబెడుతూ సన్నధారగా పోయాలి. ఆపైన నీరు నింపి ఈసీ, పీహెచ్ చూడాలి. ఈసీ మీటరును ముందుగా 0.01 మోలార్ పొటాషియం క్లోరైడుతో 25 డిగ్రీల దగ్గర 1.41కి సరిచేసుకోవాలి. మర్నాడు పొద్దున్న కాల్షియం ఇంకోసారి టైట్రేట్ చేయాలి. డ్రమ్ము అంచున తెల్లటి వలయం కనిపిస్తే మీ కాల్షియంలో కొంత అక్కడుంది. మన నమూనా నీటికి పీహెచ్ ఏడు దాటి పైకి పోయే కొద్దీ ఆ వలయం ఖాయం. ఇది ల్యాబు లోపం కాదు. పెదవేగి వైపు తోటల్లో డ్రిప్ గొట్టాల రంధ్రాలు పూడిపోయి ఆమ్లంతో కడగాల్సి రావడానికి కారణమూ ఇదే. బోరు చేసే పనే డ్రమ్మూ చేస్తోంది. అందుకే డ్రమ్మును వారాలు నిలవ పెట్టకుండా ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకోవాలి.

ఇప్పుడు ఇదే ఈసీ 4ను ఒక్క సోడియం క్లోరైడుతో చేస్తే? లీటరుకు సుమారు 2.1 గ్రాములు పోస్తే చాలు, నిమిషంలో పని అయిపోతుంది. మీటరు రెండు డ్రమ్ములకూ ఒకే అంకె చూపిస్తుంది. కానీ రెండో దాని ఎస్.ఎ.ఆర్. కట్టబోతే కాల్షియం, మెగ్నీషియంల చోట సున్నా. 36ను సున్నాతో భాగించాలి. అంత నిష్పత్తి గల నీరు భూమ్మీద ఏ బావిలో ఉంటుంది?

కుండీ దగ్గర ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతాను. ఇసుక కుండీలకు పోషక ద్రావణం కూడా ఇస్తాం కనుక దాని కాల్షియం, దాని సల్ఫేటు లెక్కలో కలపాలి. పూర్తి బలం హోగ్లండ్ ద్రావణంలోనే కాల్షియం 10 మిల్లీ ఈక్వివలెంట్లు. అంటే మన నమూనా బోరులో ఉన్న దానికి రెండున్నర రెట్లు. అది గమనించకపోతే మనం బోరు నీటిని కాదు, హోగ్లండును పరీక్షిస్తున్నట్టు. ఉప్పును ఒక్కసారిగా పోయకుండా రోజుకు కొంచెం చొప్పున పెంచాలి. ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ ఉప్పునీరు కాక మంచినీరు పోయాలి, లేదా ప్రతిసారీ అడుగు రంధ్రం నుంచి ధారాళంగా కారేంత పోసి, కారిన నీటి ఈసీ చూడాలి. లేకపోతే నాలుగు అని రాసుకున్న కుండీలో పదిహేను రోజులకు ఎనిమిది ఉంటుంది.

ఇంత కష్టపడి పోసిన నీటితో వరి ఏం చేస్తుంది? మొక్క తన ఆకుల్లో నిలుపుకునే నీటికి యాభై రెట్లు నీటిని ఆవిరిగా వదిలేస్తుంది. నీటితో పాటు ఉప్పునూ అలాగే పీల్చుకుంటే వారంలో ఆకు ఉప్పు గల్లు అవుతుంది. కాబట్టి వేరు నూటికి తొంభై ఎనిమిది వంతుల ఉప్పును గుమ్మం బయటే ఆపాలి. వరి ఈ కాపలాలో కాస్త అలసత్వం ఉన్న పంట. పక్క వేళ్లు పుట్టుకొచ్చే చోట, వేరు కొస దగ్గర పొరలు బిగుసుకోని సందుల్లోంచి నీరు కణాలను తాకకుండానే లోపలికి జారిపోతుంది, దానితో సోడియం కూడా. ఆ దాటిపోయిన సోడియాన్ని దారిలో తిరిగి లాగి ఆకుకు చేరనివ్వని కాపలాదారు జన్యువును 2005లో గుర్తించారు, మొదటి క్రోమోజోములో. కేరళ ఉప్పు కయ్యల పొక్కలి వరి తట్టుకునే గుణం మీద జరిగిన పరిశోధనలూ ఆ క్రోమోజోము దగ్గరికే చేరాయి. మన మచిలీపట్నం కేంద్రం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. రకాలు తీరప్రాంతపు చౌడును దృష్టిలో పెట్టుకుని చేసినవే.

ఫిలిప్పీన్స్ వరి సంస్థలో నారు దశలో రకాలను వడగట్టే పద్ధతి ఉంది. యోషిదా ద్రావణంలో సోడియం క్లోరైడు కలిపి మొదట ఈసీ 6, తర్వాత 12. ఆ ద్రావణంలో కాల్షియం లీటరుకు 40 మిల్లీగ్రాములే. వేల రకాల్లోంచి గట్టివాటిని ఏరడానికి అది మంచి జల్లెడ, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ జల్లెడలో తేలిన అంకెను తెచ్చి, "కైకలూరు బోరు కింద ఈ రకం ఇంత పండుతుంది" అని చెప్పడానికి వీల్లేదు. జల్లెడ వేరు, కొలత వేరు.

కొలత కావాలంటే ప్రయోగం ఇలా ఉండాలి. ఒకే ఈసీ దగ్గర మూడు నీళ్లు: ఒక్క సోడియం క్లోరైడు, బోరు మిశ్రమం, జిప్సం చేర్చిన బోరు మిశ్రమం. మూడోదాంట్లో జిప్సం తెచ్చే ఉప్పుకు సరిపడా సోడియం క్లోరైడు తగ్గించి ఈసీ సరిచేయాలి. నాలుగోది మంచినీరు. నారు దశలో ఒకసారి, చిరుపొట్ట దశలో ఒకసారి. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు, పూతకు వచ్చేటప్పుడు ఓర్చుకోలేదు. ఆ తర్వాత ముదురాకు, లేతాకు వేరువేరుగా కోసి, కడిగి, ఆరబెట్టి, సోడియం, పొటాషియం, క్లోరైడు కట్టాలి. వరి తెలివిగా ముదురాకుల్లోకి ఉప్పు నెట్టి లేతాకును కాపాడుకుంటుంది. రెండూ కలిపి నూరితే ఆ సంగతి కనబడదు.

ఇక పొలానికి వద్దాం. వరి దిగుబడి నేల సంతృప్త ద్రావణపు ఈసీ 3 దాకా తగ్గదనీ, ఆపైన ఒక్కో డెసిసీమెన్స్‌కు నూటికి 12 చొప్పున తగ్గుతుందనీ మాస్, హాఫ్‌మన్ 1977లో ఇచ్చిన పట్టిక. అది నేల ఈసీ, నీటి ఈసీ కాదు. మామూలు మురుగు సౌకర్యం ఉన్న పొలంలో నేల ఈసీ నీటి ఈసీకి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అంటే నీరు 2 దాటితేనే వరికి గండం మొదలు. ఈసీ 2 నీటితో ఎకరాకు పది సెంటీమీటర్ల ఒక తడి పెడితే పొలంలోకి చేరే ఉప్పు ఎంతో లెక్కవేశారా? సుమారు 518 కిలోలు. యాభై కిలోల బస్తాలు పది. ఆ నీరంతా ఆవిరైపోతుంది, బస్తాలు అక్కడే ఉంటాయి. పైగా నేల ఆరే కొద్దీ కాల్షియం కార్బొనేటుగా రాలిపోయి సోడియం ఒంటరిగా మిగులుతుంది. పాలచౌడు కారుచౌడుగా తిరిగేది ఇలాగే. పాలచౌడును మంచినీటితో కడిగితే పోతుంది. కారుచౌడుకు జిప్సం లేకుండా నీరు పెట్టి కడిగితే నేల గట్టకట్టి ఇంకడమే మానేస్తుంది. రెంటికీ ఒకే మందు చెప్పే సలహాదారును నమ్మవద్దు.

బైకార్బొనేటు కాల్షియం మెగ్నీషియంలను మించి ఎంత మిగిలిందో ఆ మిగులుకు ఆర్.ఎస్.సి. అని పేరు, 1950లో ఈటన్ పెట్టిన లెక్క. అది రెండున్నర దాటితే అనుమానించాలి, నాలుగు దాటితే క్షారనీరే. ఒక్క మిల్లీ ఈక్వివలెంటు తగ్గించడానికి వెయ్యి లీటర్లకు 86 గ్రాముల శుద్ధ జిప్సం, అంటే పది సెంటీమీటర్ల తడికి ఎకరాకు 35 కిలోలు. ఇంత సూటి లెక్క ఉన్నా రైతు చేయలేకపోతున్నాడు, ఎందుకంటే ఆయన చేతిలోని కాగితంలో బైకార్బొనేటు లేదు, కాల్షియం లేదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు అంశాలున్నాయి. పీహెచ్ ఉంది, ఈసీ ఉంది, జింకు, బోరాను ఉన్నాయి. సోడియం లేదు, కాల్షియం లేదు. ఇక నీటికైతే కార్డే లేదు.

కాలువనీరు, బోరునీరు రెండూ ఉన్నవాళ్లకు ఒక మాట. రెంటినీ ఎప్పుడూ కలిపి పెట్టడం కంటే, నారుమడికీ, నాటిన కొత్తలోనూ, పూత దశలోనూ కాలువనీరు దాచిపెట్టి, మధ్యలో బోరు వాడడం మేలు. మొక్క బలహీనంగా ఉన్న రోజులు తెలుసు కనుక ఆ రోజులకు మంచినీరు కేటాయించడమే. మీద తేలే తియ్యనీటిని ఉప్పు పొర కదలకుండా పలచగా తోడుకునే మెరుగైన దొరువు పద్ధతి బాపట్ల ఉప్పునీటి పథకం వారిది, ఇసుక నేలల కోసం చేసింది. కొల్లేటి బంకమట్టికి అది యథాతథంగా నప్పదు. మనకు మన లెక్కలే కావాలి.

ఆ లెక్కలు కట్టడానికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగిలో ఆయిల్ పామ్ సంస్థ, మారుటేరులో 1925 నుంచీ ఉన్న వరి పరిశోధనా కేంద్రం, తాడేపల్లిగూడెంలో నిట్, ఏలూరులో 1945 నాటి సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల. అన్నీ మనకు దగ్గరలోనే ఉన్నాయి. రక్తంలో భాస్వరం కట్టే పద్ధతికి 1925లో ఫిస్కేతో పాటు తన పేరూ పెట్టించుకున్న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది భీమవరంలో. కొలిచే పద్ధతిని ఈ నేల చిన్నచూపు చూడనక్కర్లేదు.

కాబట్టి అధ్యాపక మిత్రులకు నా విన్నపం. వచ్చే ఏడాది నుంచి బీఎస్సీ చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టుల్లో ఉత్త సోడియం క్లోరైడు ద్రావణాన్ని ఆమోదించకండి. ఒక్కో విద్యార్థిని తన ఊరి బోరు నుంచి, మురుగు కాలువ నుంచి ఒక సీసా తెమ్మనండి. ఏడు అయాన్లూ కట్టించండి: సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు, సల్ఫేటు, బైకార్బొనేటు. రెండు వైపులా కూడించండి, సరిపోకపోతే మళ్లీ కట్టించండి. ఆ నీటిని తనచేతే తయారుచేయించి వరికి పోయించండి. రిపోర్టు ఒక ప్రతి కళాశాలలో పెట్టుకుని, ఇంకో ప్రతి తెలుగులో రాసి ఆ బోరు రైతుకు ఇవ్వండి. ఒక్కో బోరుకు రెండు సీసాలు కావాలి, ఒకటి సార్వా కోతలయ్యాక, ఇంకోటి మే నెలలో. ఈ రెంటి మధ్య తేడా చూడకుండా దాళ్వా నీటి మీద ఎవరూ సలహా చెప్పలేరు.

రైతు సోదరులారా, సీసా పట్టుకుని వచ్చిన పిల్లవాణ్ని ఎండలో నిలబెట్టకుండా, మోటారు వేసి పది నిమిషాలు నీరు పారనివ్వండి.